దినభత్యం మీద బతికిన డిటెక్టివులు

నేను చదివిన అపరాధ పరిశోధక నవలల్లో, పై అధికారికి పంపవలసిన రిపోర్టును ఎలా సర్ది రాయాలా అని బెంగపడిన మొదటి డిటెక్టివుకు పేరు లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాంటినెంటల్ డిటెక్టివ్ ఏజెన్సీలో అతడొక జీతగాడు. పొట్టివాడు, లావుపాటివాడు, వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది. ఒక గనుల పట్టణంలో ముఠాలను ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పి, ఊరంతా శవాలతో నింపి, పని ముగించుకున్న తరువాత అతడు ఓగ్డెన్ అనే ఊరు చేరి, తాను ఏజెన్సీ నియమాలనూ రాష్ట్ర చట్టాలనూ మనుషుల ఎముకలనూ ఎన్నెన్ని విరగ్గొట్టాడో బయటపడకుండా రిపోర్టులు తయారు చేయడానికి వారంలో ఎక్కువ భాగం కూర్చుంటాడు. అంత శ్రమపడినా ఆఫీసులో పెద్దాయన ఆ రాతలను ఒక్క క్షణం కూడా నమ్మడు, చెడామడా చీవాట్లు పెడతాడు. నేను ఆ వాక్యం చదివింది 1970ల చివర, ప్రభుత్వ ఆడిట్ శాఖలో కొత్తగా చేరి, జిల్లా జిల్లా క్యాంపులు తిరుగుతూ, బస్సు టిక్కెట్లు జాగ్రత్తగా దాచుకొని నెలాఖరున టి.ఏ. బిల్లు రాసుకునే రోజుల్లో. ప్రపంచ సాహిత్యంలో నా బోటి ఉద్యోగి ఒకడు కనిపించాడన్న సంతోషం అప్పుడు కలిగింది.

అంతకు ముందు నాకు తెలిసిన డిటెక్టివులు వేరే జాతివారు. మా తరం తెలుగు పిల్లలందరిలాగే నేనూ కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌తో మొదలుపెట్టాను. అద్దె పుస్తకాల దుకాణంలో ఆ పాకెట్ నవలలకు అట్టలు ఊడిపోయేవి, మొదటి పేజీలో పాత పాఠకులెవరో హంతకుడి పేరు పెన్సిలుతో రాసి పెట్టేవారు, అయినా మేము వరుస కట్టి తీసుకువెళ్లేవాళ్లం. యుగంధర్ మద్రాసులో ఉంటాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసే రాజు అనే అసిస్టెంటు అతనికున్నాడు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు కేసు తెగక స్వయంగా వచ్చి సలహా అడుగుతాడు. పోలీసులు గౌరవంగా తలుపు తట్టే డిటెక్టివు అతడు. అతనికి ఫీజు ఎవరిచ్చారో, ఇచ్చారో లేదో, ఇంటి అద్దె ఎలా కడుతున్నాడో అని మాకెన్నడూ అనుమానం రాలేదు. తెలుగులో డిటెక్టివు దొరబాబుగానే పుట్టాడు, పెరిగాడు. ఆ నవలలను నేను చిన్నచూపు చూడడం లేదు. చదివే అలవాటును నాకు అంటించినవి అవే, ఒక అధ్యాయాన్ని ఎక్కడ ఆపాలో కొమ్మూరి వారికి తెలిసినంతగా చాలామంది పెద్ద రచయితలకు తెలియదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంగ్లీషు డిటెక్టివుల వైపు దారి చూపించింది మా మేనమామ. ఆయన తెనాలిలో ప్లీడరు. లా రిపోర్టుల బీరువాలో కింది అర నిండా ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ రాసిన పెర్రీ మేసన్ నవలలు ఉండేవి. "ఒరేయ్, క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకోవాలంటే లా కాలేజీ అక్కర్లేదురా, ఇవి చదువు చాలు" అని ఆయన నన్ను చూసినప్పుడల్లా అనేవారు. ఆ రోజుల్లో ఏ ఊరి బార్ అసోసియేషన్‌లో చూసినా మేసన్ భక్తులు ఒకరిద్దరైనా తగిలేవారు. గార్డ్‌నర్ స్వయంగా కాలిఫోర్నియాలో వకీలని, పగలు కోర్టుకు వెళ్లి రాత్రుళ్లు చవక పత్రికలకు కథలు రాసేవాడని, 1933లో మేసన్ పుట్టడానికి ముందు పదేళ్లపాటు ఆ పత్రికల కోసమే లక్షలాది మాటలు గుమ్మరించాడని నాకు తరువాత తెలిసింది. ఆయన గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. మీ కథానాయకుడు ప్రతిసారీ మొదటి ఐదు గుళ్లూ గురి తప్పి ఆరో గుండుతోనే శత్రువును ఎందుకు కొడతాడని ఎడిటరు అడిగితే, మాటకు మూడు సెంట్లు ఇస్తున్నప్పుడు పేలని తూటాల్లో పదిహేను సెంట్లు వదులుకొని తుపాకీ యుద్ధం ముగించేంత వెర్రివాణ్ణి కాదని ఆయన జవాబిచ్చాడట. మా మేనమామకు ఈ కథ చెబితే, వాయిదాల మీద బతికే ప్లీడరుకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కర్లేదని పడీ పడీ నవ్వారు.

హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గడిచేవి. దుకాణాలు మూసిన ఆ ఒక్కరోజు కాలిబాట పొడుగునా పాత పుస్తకాలు పరిచేవారు. అందులో సగం రాజ్యం జేమ్స్ హాడ్లీ చేజ్‌ది. అట్ట మీద బొమ్మ చూసి ఆ పుస్తకాన్ని న్యూస్ పేపరులో చుట్టి ఇంటికి తెచ్చుకోవలసి వచ్చేది గాని, లోపల ఆ బొమ్మకు తగిన సరుకు పెద్దగా ఉండేది కాదు. మన దేశంలో రైల్వే స్టేషన్ల పుస్తకాల బళ్ల మీద ఆయన ఏలినంత కాలం మరో విదేశీ రచయిత ఏలి ఉండడు. అమెరికా నేరగాళ్ల గురించి రాసిన ఆ పెద్దమనిషి నిజానికి లండన్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు, అసలు పేరు రెనే రేమండ్. అమెరికా యాసల నిఘంటువూ, పటాలూ దగ్గర పెట్టుకొని 1939లో మొదటి నవల అచ్చు వేయించాడు. ఆ దేశంలో ఆయన తిరిగింది బహు స్వల్పం. అయినా బొంబాయిలోనూ బెజవాడలోనూ అమెరికా నగరమంటే ఇలాగే ఉంటుందని ఒక తరం మొత్తం నమ్మింది. చేజ్ కథలు పరుగెత్తిస్తాయి, ఆఖరి పేజీ దాకా వదలవు, మరునాటికి ఒక్క మనిషి కూడా గుర్తుండడు. అప్పటికి నాకు అది చాలు.

ఆ చేజ్ గుట్టలో అడుగున, ముందు అట్ట లేని ఒక పల్చని పుస్తకం దొరికింది. దుకాణం పెట్టుకున్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పాతది సాబ్, బొమ్మ కూడా లేదు, ఏదో ఒకటి ఇచ్చి తీసుకుపోండి" అన్నాడు. అదే డాషియల్ హామెట్ 1929లో పుస్తకంగా తెచ్చిన "రెడ్ హార్వెస్ట్", నేను మొదట చెప్పిన పేరులేని జీతగాడి నవల. గని యజమాని ఒకడు కార్మికుల సమ్మెను విరగ్గొట్టడానికి గూండాలను ఊళ్లోకి దింపుతాడు. సమ్మె విరుగుతుంది, కార్మికులు ఓడిపోతారు, కాని వచ్చిన గూండాలు తిరిగి వెళ్లరు, ఊరు పంచుకొని కూర్చుంటారు. పిలిపించిన క్లయింటు డిటెక్టివును కలుసుకోకముందే హతుడవుతాడు. ఆ హంతకుడెవరన్నది కాస్త దూరం వెళ్లేసరికే తేలిపోతుంది, ఆ తరువాత కూడా కథ ఆగదు. ఎందుకంటే అక్కడ నేరం ఒకరిద్దరు చేసింది కాదు, ఊరి ఆర్థిక వ్యవస్థే నేరం. హంతకుణ్ణి పట్టుకోవడంతో లోకం మళ్లీ సర్దుకుంటుందన్న హామీ ఇవ్వని డిటెక్టివ్ నవలను నేను చదవడం అదే మొదలు.

ఇదంతా హామెట్ ఊహించి రాసినది కాదు. 1894లో మేరీల్యాండ్‌లో పుట్టిన ఆయన పద్నాలుగేళ్లకే బడి మానేసి, చిల్లర ఉద్యోగాలు చేసి, 1915లో పింకర్‌టన్ అనే పేరుమోసిన ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలో చేరాడు. ఆ సంస్థ బాల్టిమోర్ ఆఫీసు ఉన్న మేడ పేరే కాంటినెంటల్. గనుల్లో, రైల్వేల్లో సమ్మెలను అణచడానికి యజమానులు కిరాయికి తెచ్చుకునే సంస్థ పింకర్‌టన్. తాను ఏ పక్షాన జీతం తీసుకున్నాడో హామెట్‌కు బాగా తెలుసు, "రెడ్ హార్వెస్ట్"లోని చేదు ఆ ఎరుక నుంచి వచ్చిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యపు అంబులెన్సు దళంలో ఉండగా ఊపిరితిత్తుల జబ్బు చేసింది, క్షయ తిరగబెట్టింది, మనుషుల వెంట తిరిగే ఉద్యోగానికి శరీరం పనికిరాకుండా పోయింది. శాన్ ఫ్రాన్సిస్కోలో భార్యాబిడ్డలను పోషించడానికి ఒక నగల దుకాణానికి ప్రకటనలు రాస్తూ, పత్రికలకు కథలు పంపడం మొదలుపెట్టాడు. 1923లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన తన డిటెక్టివు రోజులను ముక్కలు ముక్కలుగా గుర్తు చేసుకున్నాడు. ఒక ఆదివారం తాను రహస్యంగా వెంబడిస్తున్న మనిషి పల్లెదారుల్లో షికారుకు వెళ్లి దారి తప్పిపోతే, వెనక వస్తున్న తానే వెళ్లి ఊరికి దారి చూపించవలసి వచ్చిందట. జాతరలో తిరిగే పెద్ద రంగులరాట్నం చక్రాన్ని దొంగిలించిన మనిషి ఒకడు తనకు తెలుసునని ఇంకో ముక్కలో రాశాడు. ఎలా దొంగిలించాడో, ఎక్కడ దాచాడో చెప్పలేదు. ఆ వదిలివేయడంలోనే రచయిత కనిపిస్తాడు.

ఆయన కథలు అచ్చయిన "బ్లాక్ మాస్క్" పత్రిక చరిత్ర కూడా ఒక కేసులాగే ఉంటుంది. హెచ్.ఎల్. మెన్‌కెన్, జార్జ్ జీన్ నేథన్ అనే ఇద్దరు సాహితీ ఘనులు నష్టాల్లో ఉన్న తమ ఉన్నత సాహిత్య పత్రికను బతికించుకోవడానికి 1920లో దీన్ని స్థాపించి, కొద్ది నెలల్లోనే లాభానికి అమ్మేసి చేతులు కడుక్కున్నారు. తమ పేర్లు దాని మీద కనిపించడం కూడా వారికి ఇష్టం లేదు. చవక కలప గుజ్జు నుంచి తీసిన ముతక కాగితం మీద అచ్చు వేసేవారు, అంచులు సాపు చేసేవారు కాదు, రంగుల డబ్బంతా అట్ట బొమ్మకే పెట్టేవారు. ఆ కాగితంలోని ఆమ్లం వల్ల అవి పసుపు నుంచి గోధుమకు తిరిగి, చివరికి వేళ్ల మధ్యనే పొడి అవుతాయి. పదో ఇరవయ్యో సెంట్లు పెట్టి కొని, చదివి, రైల్లోనే వదిలేయడానికి తయారైన సరుకు అది. రచయితకు సాధారణంగా మాటకు ఒక సెంటు ఇచ్చేవారు, పేరు వచ్చిన తరువాత రెండో మూడో. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉంది. దొంగసారా డబ్బుతో గూండాలు కోటీశ్వరులయ్యారు, పోలీసులూ జడ్జీలూ మేయర్లూ ఆ డబ్బుకు అమ్ముడుపోయారు. పల్లెటూరి బంగళాలో జమీందారు శవం, గ్రంథాలయంలో వేలిముద్ర లాంటి కథలు ఆ వార్తల పక్కన వెలవెలబోయాయి. పోలీసునే నమ్మలేని చోట పోలీసుకు సలహాలిచ్చే పెద్దమనిషి డిటెక్టివు ఎవరికి కావాలి?

ఆ ఖాళీలోకి మొదట దూకినవాడు హామెట్ కాదు, కారల్ జాన్ డేలీ. 1923 వేసవిలో ఆయన సృష్టించిన రేస్ విలియమ్స్ రెండు చేతులా రెండు పిస్తోళ్లతో వచ్చి, తెల్లజాతి దురహంకారుల ముఠా అయిన కూ క్లక్స్ క్లాన్‌తో తలపడ్డాడు. ముందు కాల్చి తరువాత ఆలోచించే ఈ బాపతు డిటెక్టివుకు అతడే మూలపురుషుడు. ఆ రోజుల్లో డేలీ పేరు అట్ట మీద వేస్తే చాలు, ప్రతులు అమ్ముడయ్యేవి. ఇప్పుడు చదవబోతే నాలుగు పేజీలు దాటడం కష్టం. చాలా ఏళ్ల తరువాత అతికష్టం మీద ఒక సంకలనంలో దొరికితే పట్టుదలగా పూర్తి చేశాను, అందులో మనిషి లేడు, గొంతు మాత్రమే ఉంది. అదే ఏడాది అక్టోబరులో పీటర్ కొలిన్‌సన్ అనే మారుపేరుతో ఆ పేరులేని జీతగాడి మీద, అంటే ఏజెన్సీ భాషలో ఆపరేటివ్ మీద, హామెట్ రాసిన మొదటి కథ, ఒక గృహదహనం కేసు, వచ్చింది. అందులో కథానాయకుడు చేసేదల్లా కిరాణా కొట్టు యజమానినీ బీమా వాళ్లనూ వరుసగా అడిగి, వాళ్లు చెప్పినవి ఒకదానితో ఒకటి సరిపోల్చడం. ఆడిట్‌లో మేము చేసే పని కూడా అదే. వోచరు ఒకటి చెబుతుంది, స్టాకు రిజిస్టరు ఇంకొకటి చెబుతుంది, రెండింటి మధ్య తేడాలో ఎవరో నిలబడి ఉంటారు.

1926లో జోసెఫ్ షా ఎడిటరుగా వచ్చాడు. యుద్ధంలో కెప్టెన్, కత్తియుద్ధంలో ప్రవీణుడు. పాత సంచికలు తిరగేసి, అందులో హామెట్ కథలను పట్టుకొని, మిగిలినవారందరినీ అలా రాయమన్నాడు. విశేషణాలు కొట్టేశాడు, పాత్ర ఏం ఆలోచిస్తున్నాడో చెప్పవద్దన్నాడు, ఏం చేశాడో చెప్పమన్నాడు. 1930 నాటికి పత్రిక అమ్మకం లక్ష దాటింది. మాటకు ఇంత అని డబ్బిచ్చే చోట మాటలు తగ్గించమని నేర్పిన ఎడిటరును తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మన వారపత్రికల్లో సీరియళ్లకు అలాంటివాడు ఒక్కడు దొరికి ఉంటే ఎంత మేలు జరిగేదో.

1929 సెప్టెంబరు నుంచి ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చిన "ద మాల్టీస్ ఫాల్కన్" నాకు దొరకడానికి మరికొంత కాలం పట్టింది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక మిత్రుడి కార్డు మీద తెచ్చుకొని, మెదక్ జిల్లాలో ఒక క్యాంపులో, ట్రావెలర్స్ బంగళా వరండాలో లాంతరు పెట్టుకొని చదివాను. నల్ల డేగ బొమ్మ కోసం జరిగే వేట అందరికీ తెలిసిందే. నన్ను పట్టుకున్నది ఆ వేటతో ఏ సంబంధమూ లేని ఒక పిట్టకథ. ఆ నవలలోని డిటెక్టివు శామ్ స్పేడ్ ఒకరి రాక కోసం ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోలేక, తన ఎదురుగా ఉన్న యువతికి తన పాత కేసు ఒకటి చెబుతాడు. టకోమాలో ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే స్థలాల వ్యాపారి ఉండేవాడు. భార్యా పిల్లలూ, కారూ, అన్నీ సవ్యంగా ఉన్న మనిషి. ఒక రోజు మధ్యాహ్నం భోజనానికని ఆఫీసు నుంచి బయలుదేరి తిరిగి రాలేదు. డబ్బు తీసుకుపోలేదు, రహస్య ప్రేయసి లేదు, మూసిన పిడికిలి తెరిస్తే లేనట్టుగా మాయమయ్యాడు. ఐదేళ్ల తరువాత స్పేడ్ అతణ్ణి స్పోకేన్‌లో కనుగొన్నాడు. అక్కడ వేరే పేరుతో ఉన్నాడు, మోటారు కార్ల వ్యాపారం చేస్తున్నాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు, సాయంత్రం నాలుగు కొట్టగానే గోల్ఫ్ ఆడుకుంటున్నాడు. జరిగిందేమిటంటే, ఆనాడు భోజనానికి నడిచి వెళ్తూండగా కడుతున్న మేడ మీద నుంచి ఒక దూలం అతని పక్కనే పడింది. కాలిబాట పెంకు ఒకటి ఎగిరి చెంపకు తగిలింది తప్ప ఇంకేమీ కాలేదు. బతుకంటే ఒక క్రమంలో నడిచే వ్యవహారమని నమ్మిన మనిషికి, ఎవరో బతుకు మీది మూత తీసి లోపలి యంత్రాన్ని చూపించినట్లయింది. ఇక క్రమంలో బతకడం అబద్ధమనుకొని వెళ్లిపోయాడు. కొన్నాళ్లు తిరిగి తిరిగి, మళ్లీ అదే బతుకులోకి, తనకు తెలియకుండానే వచ్చి కూర్చున్నాడు. దూలాలు పడే లోకానికి తనను తాను అమర్చుకున్నాడు, ఆ తరువాత దూలాలేవీ పడలేదు, పడని లోకానికి మళ్లీ అమరిపోయాడు. ఇందులో తనకు నచ్చిన భాగం అదేనంటాడు స్పేడ్. విన్న యువతి ఎంత వింతగా ఉందోననేసి, వెంటనే తన గొడవలోకి వెళ్లిపోతుంది.

1941లో జాన్ హ్యూస్టన్ తీసిన సినిమాలో నవలలోని సంభాషణలు చాలావరకు యథాతథంగా ఉన్నాయి గాని ఈ కథ లేదు. సినిమాకు అది అడ్డం వస్తుందని తెలిసినా, ఆ కోత నాకు మింగుడు పడదు. చివర్లో స్పేడ్ ఆ యువతిని పోలీసులకు ఎందుకు అప్పగిస్తున్నాడో వేళ్ల మీద లెక్కపెట్టినట్టు ఒక్కొక్క కారణం చెబుతాడు. భాగస్వామిని ఎవరైనా చంపితే ఏదో ఒకటి చేయవలసి ఉంటుంది, ఆ భాగస్వామి నీకు నచ్చినవాడా కాదా అన్నది లెక్కలోకి రాదు. డిటెక్టివు వ్యాపారంలో ఉండి హంతకులను వదిలేస్తే వ్యాపారానికే చేటు. అందులో ధర్మపన్నాలు లేవు, వృత్తి ఉంది. తనకు చేరిన వెయ్యి డాలర్ల నోటును కూడా సాక్ష్యంగా పోలీసుల ముందు పెడతాడు. నా ఉద్యోగంలో నిజాయితీపరులనిపించుకున్న వారిలో ఎక్కువమంది ఈ కోవవారే. నీతి గురించి వారు ఉపన్యాసాలిచ్చిన పాపాన పోలేదు, లెక్క కుదరకపోతే రాత్రి నిద్రపట్టదు, అంతే.

రేమండ్ చాండ్లర్‌కు నేను ఇంకా ఆలస్యంగా వచ్చాను. ఆయన మా శాఖవాడని తెలిసినప్పుడు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. 1888లో షికాగోలో పుట్టి, ఇంగ్లండులో లాటిన్, గ్రీకులతో సహా చదువుకొని, లాస్ ఏంజిలెస్‌లో ఒక చమురు కంపెనీలో పద్దులు రాసేవాడిగా చేరి, ఆడిటరై, చివరికి వైస్ ప్రెసిడెంటు దాకా ఎదిగాడు. తాగుడు, ఆఫీసుకు రాకపోవడం మూలాన 1932లో, మహా మాంద్యం నడిమధ్య, నలభై నాలుగేళ్ల వయసులో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పుడు చవక పత్రికలు కొని చదివి, వీటికి తానూ రాయగలననుకున్నాడు. నేర్చుకున్న పద్ధతి మాత్రం అచ్చంగా గుమాస్తా పద్ధతి. గార్డ్‌నర్ కథ ఒకటి తీసుకొని, దాని సారాంశం రాసుకొని, ఆ సారాంశం నుంచి కథను తానే మళ్లీ రాసి, అసలుతో పోల్చి చూసుకొని, మళ్లీ రాసేవాడు. మొదటి కథకు ఐదు నెలలు పట్టింది. 1933 డిసెంబరు "బ్లాక్ మాస్క్"లో అది అచ్చయితే, పద్దెనిమిది వేల మాటలకు ముట్టినది 180 డాలర్లు. ఆ లెక్కన ఏ కూలివాడికైనా అంతకంటే మెరుగ్గా గిట్టి ఉంటుంది.

1939లో వచ్చిన "ద బిగ్ స్లీప్"లో చాండ్లర్ డిటెక్టివు ఫిలిప్ మార్లో తన రేటు చెబుతాడు. రోజుకు పాతిక డాలర్లు, ఖర్చులు అదనం, అదీ అదృష్టం బాగుంటే. కోటలాంటి ఇళ్లలో కోటీశ్వరుల గుట్టు మోసేవాడికి అద్దె గదిలో చదరంగపు బల్ల, ఒక సీసా విస్కీ, పాత కారు తప్ప వేరే ఆస్తి లేదు. 1953 నాటి "ద లాంగ్ గుడ్‌బై"లో ఒక స్నేహితుడు పంపిన ఐదు వేల డాలర్ల నోటును నవలంతా ఇనప్పెట్టెలో దాచి, ఖర్చు పెట్టక, చివరికి తిరిగి ఇచ్చేస్తాడు. ఇంగ్లీషు పండితులు అతణ్ణి మధ్యయుగపు వీరుడితో పోలుస్తారు, చాండ్లరే ఆ పోలికకు తావిచ్చాడు. నాకు మాత్రం మార్లో అంటే అడ్వాన్సు మిగిలితే ట్రెజరీలో తిరిగి కట్టేసి రసీదు తెచ్చుకునే ఉద్యోగి. ఆ రకం వారు ఉన్నారు. నేను వారి కింద పనిచేశాను.

ఆ నగరపు అవినీతిని చాండ్లర్ పెద్దగా కల్పించనక్కరలేకపోయింది. 1938 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో హ్యారీ రేమండ్ అనే నిజమైన ప్రైవేటు డిటెక్టివు కారులో బాంబు పేలింది. నగర పాలనలోని లంచాల గుట్టు తవ్వుతున్నందుకు ఆ బాంబు పెట్టించినవాడు పోలీసు శాఖ రహస్య విభాగపు కెప్టెనే. డిటెక్టివు ఒళ్లంతా తూట్లుపడినా బతికాడు, కెప్టెన్ జైలుకు వెళ్లాడు, ఆ సెప్టెంబరులో జనం ఓట్లు వేసి మేయరును దించేశారు. మార్లో తొలి నవల ఆ తరువాత కొద్ది నెలలకే బజారులోకి వచ్చింది. కథనం మాత్రం చాండ్లర్‌కు ఎన్నడూ లొంగలేదు. పాత పత్రిక కథలను రెండు మూడింటిని కలిపి కుట్టి నవల చేయడం ఆయన అలవాటు, అతుకులు కనిపించేవి. "ద బిగ్ స్లీప్" సినిమా తీస్తున్నప్పుడు డ్రైవరును చంపినదెవరో తేలక దర్శకుడు హోవార్డ్ హాక్స్ ఆయననే అడిగిస్తే, తనకూ తెలియదని జవాబు వచ్చిందంటారు. ఆడిట్ అభ్యంతరం రాయదగిన లోపమే గాని, ఆ పుస్తకంలో ఎవరు ఎవరిని చంపారన్నది నాకు ఎన్నడూ గుర్తుండదు. ఆర్కిడ్ పూల గాజుగదిలో దుప్పటి కప్పుకొని, తాను తాగలేని బ్రాందీని ఎదుటివాడు తాగుతుంటే చూసి తృప్తిపడే ముసలి జనరల్ మాత్రం మరపుకు రాడు. ఆ సినిమాకు మాటలు రాసినవారిలో నవలాకారుడు విలియం ఫాక్‌నర్‌తో పాటు లీ బ్రాకెట్ అనే రచయిత్రి కూడా ఉంది. ఆమె డిటెక్టివ్ నవల చదివి మగవాడనుకొని పిలిపించారట.

ఈ పుస్తకాల్లో ఆడవాళ్ల సంగతి చెప్పుకుంటే తలవంపులే. అందంగా ఉన్న స్త్రీ కనిపించగానే ఆమే హంతకి అయి ఉంటుందని పాఠకుడు ధైర్యంగా పందెం కాయవచ్చు. నల్లవారి గురించి, చైనావారి గురించి వాడిన మాటలు ఈనాడు పైకి చదవలేము. చాండ్లర్ రెండో నవల ఒక నల్లజాతి మనిషి హత్యతో మొదలవుతుంది. చచ్చినవాడు నల్లవాడు కనుక పత్రికలో చోటుండదని, పోలీసుకు శ్రద్ధ లేదని ఆ నవలకు స్పష్టంగా తెలుసు. తెలిసీ అదే నోటితో ఆ తుచ్ఛమైన మాటలు వాడుతూ పోతుంది. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఒకటి చూపించి రెండో దాన్ని మాఫీ చేయమని నేను అడగను. ఇక 1947లో మిక్కీ స్పిలేన్ దించిన మైక్ హామర్‌తో నాకు పొత్తు కుదరలేదు. తానే పోలీసు, తానే జడ్జి, తానే తలారి. పుస్తకాలు లక్షల మీద లక్షలు అమ్ముడయ్యాయి. అతడు డేలీ వారసుడు, హామెట్ వారసుడు కాదు.

అప్పటికే చవక పత్రికల పని అయిపోతోంది. యుద్ధకాలంలో కాగితం కరువైంది, తరువాత పాతిక సెంట్ల పాకెట్ పుస్తకాలు, కామిక్స్, టెలివిజన్ పాఠకులను పంచుకున్నాయి. షాను 1936లోనే పంపించేశారు, ఆయన వెంట చాండ్లర్ కూడా వేరే పత్రికకు వెళ్లిపోయాడు, 1951లో "బ్లాక్ మాస్క్" ఆగిపోయింది. అదే 1951లో హామెట్ జైల్లో ఉన్నాడు. వామపక్ష సంఘం ఒకటి నడిపిన జామీను నిధికి చందాలిచ్చిన వారి పేర్లు కోర్టులో చెప్పనన్నందుకు ఆరు నెలల శిక్ష పడింది. సమ్మెలు విరిచే సంస్థలో జీతం తీసుకున్న మనిషి, పేర్లు చెప్పి బయటపడే అవకాశం ఉండి కూడా నోరు విప్పలేదు. 1934 తరువాత ఆయన ఇంకో నవల పూర్తి చేయలేదు. 1961లో పోయాడు.

పదవీ విరమణ తరువాత మా అబ్బాయి దగ్గర ఫ్రీమాంట్‌లో కొంతకాలం ఉన్నాము. ఆ ఊళ్లో తెలుగువారి తల్లిదండ్రులు గుడికి, కూరగాయల దుకాణానికి, పార్కుకు తిరుగుతూ వీసా గడువు వెళ్లబుచ్చుతారు. నేను మా అబ్బాయిని అడిగి బార్ట్ రైలెక్కి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లాను. బుష్ వీధిలో స్టాక్‌టన్ సొరంగం మీదుగా నడిస్తే బరిట్ అనే చిన్న సందు వస్తుంది. దాని మొదట్లో గోడకు ఒక కంచు ఫలకం ఉంది. సుమారు ఇదే చోట శామ్ స్పేడ్ భాగస్వామి మైల్స్ ఆర్చర్ హతుడయ్యాడని చెప్పి, అంతటితో ఊరుకోక, హంతకురాలి పేరు కూడా దాని మీద పోత పోయించారు. అద్దె పుస్తకాల మొదటి పేజీలో పెన్సిలుతో హంతకుడి పేరు రాసిన ఆ మహానుభావుడు అమెరికా చేరి నగరపాలనలో స్థిరపడ్డాడేమోనని అనుమానం వచ్చింది. హామెట్ ఈ నవల రాసిన రోజుల్లో అద్దెకున్న పోస్ట్ వీధి 891 నంబరు ఇల్లు అక్కడికి మరీ దూరం కాదు. ఎల్లిస్ వీధిలో, స్పేడ్ హడావిడిగా భోంచేసిన జాన్స్ గ్రిల్ ఇప్పటికీ నడుస్తోంది. స్పేడ్ తిన్న మాంసం ముక్కలు, కాల్చిన బంగాళాదుంప, టమాటా చెక్కలు అతని పేరుతోనే పట్టికలో ఉన్నాయి. ధర చూసి, ఈ మొత్తాన్ని ఆపరేటివ్ తన ఖర్చుల పద్దులో వేసి ఉంటే పెద్దాయన ఏమనేవాడో ఊహించుకుంటూ కాఫీతో సరిపెట్టుకున్నాను.

ఈ మధ్య పాత "బ్లాక్ మాస్క్" సంచికలను పేజీ పేజీ ఫోటో తీసి కంప్యూటరులో చదువుకునే ఏర్పాటు చేస్తున్నారు. పుస్తకాల్లోకి ఎక్కని ప్రకటనలు అక్కడ చూశాను. బక్కవాణ్ణి బలశాలిని చేస్తామనేవి, ఇంటి దగ్గర కూర్చొని పోస్టులో విద్యుత్తు పని నేర్పుతామనేవి, వేలిముద్రలు చదవడం నేర్చుకొని డిటెక్టివై నెలనెలా జీతం తెచ్చుకోండనేవి. రాత్రి షిఫ్టు దిగి ట్రాములో ఇంటికి వెళ్తూ ఆ సంచిక చదివిన మనిషికి ఏం కావాలో కథలకంటే ఆ ప్రకటనలే స్పష్టంగా చెబుతాయి. ఇవి మొదలుపెట్టాలనుకునే వారికి నేను నవలలు సూచించను. హామెట్ ఆపరేటివ్ కథలు పాతికకు పైగా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక రాత్రికి సరిపోతుంది. వాటితో మొదలుపెట్టి, తరువాత "రెడ్ హార్వెస్ట్", ఆ తరువాత చాండ్లర్. రేస్ విలియమ్స్ జోలికి పోకపోయినా కొంప మునగదు.